మింగలేని రోగికి ముద్ద పెట్టేదెవరు?
చెంచాడు నీళ్లే ప్రాణం మీదికి తెస్తున్నాయి. ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇస్తే చాలావరకు నివారించవచ్చు

అన్నం తింటుండగా పొలమారితే "ఎవరో తలచుకుంటున్నారు" అంటూ నెత్తి మీద తట్టి, గ్లాసుడు నీళ్లు అందించడం మనకు తాతల నాటి అలవాటు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఇది నిమిషంలో తేలిపోయే వ్యవహారం. నాలుగుసార్లు దగ్గితే దారి తప్పిన మెతుకు బయటకు వచ్చేస్తుంది. కాని పక్షవాతం వచ్చి మంచం పట్టిన మనిషికి ఆ పొలమారడమే ప్రాణాంతకం కావచ్చు. మెతుకు గాని, నీటి చుక్క గాని ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడ నెమ్ము చేస్తుంది. జ్వరం వస్తుంది, ఆయాసం వస్తుంది. పక్షవాతం దెబ్బను తట్టుకుని బతికిన మనిషి వారం తిరక్కుండా నెమ్ముతో పోవడం పల్లెల్లో వింటున్న సంగతే. "వాతం తిరగబెట్టింది" అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. ఆ మరణాల్లో కొన్నింటికి కారణం వాతం తిరగబెట్టడం కాదు, ప్రేమతో పోసిన చెంచాడు నీళ్లు.

పక్షవాతం వైద్యంలో గత ఇరవై ఏళ్లలో వచ్చిన మార్పు తక్కువది కాదు. 2005లో 108 అంబులెన్సు వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. శ్రీకాకుళం పట్టణంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల వెలిసింది. తలకు స్కాను తీయడం ఇప్పుడు మహానగరాలకే పరిమితమైన మాట కాదు. మెదడులో రక్తపు గడ్డ కట్టిన రోగిని నాలుగున్నర గంటల లోపు తగిన ఆసుపత్రికి చేర్చగలిగితే గడ్డను కరిగించే సూదిమందు కూడా ఉన్నది. ఇంత పెద్ద ఏర్పాటు జరిగిన తరువాత, వార్డులో ఆ రోగి నోటికి మొదటి ముద్ద ఎప్పుడు, ఎలా, ఎవరు అందించాలన్న చిన్న విషయం మాత్రం ఎవరికీ పట్టకుండా మిగిలిపోయింది. వేల రూపాయల వైద్యం చెంచా దగ్గర బెడిసికొడుతున్నది.

గొంతులో జరిగేదేమిటి?

మింగడం మనకు తెలియకుండానే జరిగిపోయే పని కాబట్టి అది చాలా తేలికైనదని అనుకుంటాం. నిజానికి ఒక్క గుటక వేయడానికి 30కి పైగా కండరాలు ఒకదాని తరువాత ఒకటి లెక్క తప్పకుండా కదలాలి. గొంతులో రెండు దారులున్నాయి. ముందు వైపున్నది ఊపిరి గొట్టం, వెనుక వైపున్నది ఆహారం పోయే గొట్టం. ముద్ద గొంతులోకి దిగే క్షణంలో ఊపిరి ఆగుతుంది, గొంతు ముడి పైకి లేస్తుంది, ఊపిరి గొట్టం మీద మూత పడుతుంది, ముద్ద వెనుక దారిన దిగిపోతుంది. ఈ పని అంతటినీ నడిపించేది మెదడు. పక్షవాతంలో దెబ్బ తినేది ఆ మెదడే. కాలూ చెయ్యీ పడిపోయినట్లే నాలుక, బుగ్గ, గొంతు కండరాలు కూడా పట్టు తప్పుతాయి. మూత సమయానికి పడదు. ముద్ద ముందు దారిలోకి జారుతుంది.

ఇక్కడ మన అనుభవానికి విరుద్ధంగా కనిపించే విషయం ఒకటి ఉన్నది. మింగలేనివారికి అన్నం కష్టం, నీళ్లు సులభం అని అందరూ అనుకుంటారు. కాని గొంతు పట్టు తప్పినవారికి చాలాసార్లు నీళ్లే ఎక్కువ ప్రమాదం. నీళ్లు వేగంగా జారతాయి. మూత పడేలోపే గొంతు దాటిపోతాయి. మెత్తగా, చిక్కగా ఉన్నది నెమ్మదిగా కదులుతుంది కాబట్టి బలహీనమైన గొంతుకు కాస్త వ్యవధి దొరుకుతుంది. "అన్నం తినలేకపోతే పోనీ, కొబ్బరి నీళ్లయినా పొయ్యండి" అన్న సలహా అందుకే తలకిందుల సలహా అవుతున్నది.

ఇంతకంటే మోసపూరితమైనది దగ్గు రాకపోవడం. గొంతులో స్పర్శ పోయిన రోగికి నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోతున్నా దగ్గు రాదు, ముఖం కూడా మారదు. "చక్కగా తాగాడు" అని ఇంటివారు సంతోషిస్తారు. మరునాటికో మూడో నాటికో జ్వరం వస్తుంది.

ఎంత మందికి?

మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా కొత్తగా పక్షవాతం బారిన పడుతున్నారని అంచనా. వారిలో మింగడంలో ఇబ్బంది ఎందరికి వస్తుందన్న దానిపై వివిధ దేశాల పరిశోధనలను 2005లో ఒకచోట చేర్చి చూశారు. పైపై పరీక్షలో నూటికి 37 నుంచి 45 మందిలో ఈ లోపం కనిపించింది. నిపుణులు దగ్గరుండి పరీక్షించినప్పుడు సగం మందికి పైగా తేలారు. ఎక్స్‌రే వంటి సాధనాలతో గొంతు లోపల చూసినప్పుడు 64 నుంచి 78 మంది వరకు తేలారు. అంటే కంటికి కనిపించని లోపమే ఎక్కువన్న మాట. మింగడం సరిగా లేనివారికి నెమ్ము వచ్చే అవకాశం మిగిలినవారి కంటే మూడు రెట్లు, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్లు రుజువైనవారికి పదకొండు రెట్లు ఎక్కువని అదే పరిశీలన తేల్చింది.

ఊరట కలిగించే మాట ఏమంటే, ఈ లోపం చాలామందిలో శాశ్వతం కాదు. మొదటి రెండు మూడు వారాల్లోనే ఎక్కువ మందికి మింగే శక్తి తిరిగి వస్తుంది. ఆ కొద్ది రోజులు జాగ్రత్తగా గట్టెక్కించడమే అసలు సమస్య.

వార్డులో చెంచా ఎవరి చేతిలో?

విదేశాల్లో రోగికి తినిపించేది నర్సు గాని, ఆసుపత్రి సహాయకులు గాని. మన సర్కారు ఆసుపత్రుల్లో ఆ పని దాదాపు పూర్తిగా ఇంటివారిదే. భార్యో, కోడలో, కూతురో మంచం పక్కన నేల మీద పడుకుని రోగిని చూసుకుంటారు. మన జిల్లాలో ఇంకొక చిక్కు ఉన్నది. పనుల కోసం హైదరాబాదు, చెన్నై, విశాఖపట్నం వలస వెళ్లిన కుటుంబాలు ఎక్కువ. పల్లెలో మిగిలింది ముసలి దంపతులు. ఇద్దరిలో ఒకరు పడిపోతే రెండవవారే సహాయకులు. కొడుకు బండెక్కి వచ్చేసరికి ఒక రోజు గడుస్తుంది. ఆసుపత్రిలో తొలి చెంచా పట్టుకునేది, ఎవరూ ఏమీ చెప్పని ఆ ముసలి చెయ్యే.

దీనికి తోడు చూడవచ్చే చుట్టాలు. బొండాలు, బత్తాయి రసం, పాలు, బిస్కట్లు తెస్తారు. "రెండు రోజులుగా నోట్లో ఏమీ పడలేదంట, కడుపు మాడ్చేస్తారా?" అని కోడలిని నలుగురిలో నిలదీస్తారు. డాక్టరుగారు ఏమీ పెట్టవద్దన్నారని ఆమె చెప్పినా చెల్లదు. అంతగా పడుకున్న మనిషి నోట్లోనే సీసాతో నీళ్లు పోసేస్తారు. ఆ కోడలికి అండగా నిలవగలిగినది వార్డులోని నర్సమ్మ మాట ఒక్కటే. నర్సమ్మ గట్టిగా చెప్పాలంటే ముందు ఆమెకు ఆ విషయంలో శిక్షణ ఉండాలి. పరీక్ష చేసి, "ఈయన మింగగలడు, ఆయన ఇప్పుడే మింగలేడు" అని తేల్చగలగాలి. ఇదే ఈ సమస్యకు కీలకం.

ఆస్ట్రేలియా నర్సులు చూపిన దారి

ఈ శిక్షణ వలన నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అన్న ప్రశ్న సహజమే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 19 ఆసుపత్రుల పక్షవాత విభాగాలలో జరిపిన ప్రయోగం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. కొన్ని ఆసుపత్రుల్లో నర్సులకు మూడు విషయాలు నేర్పారు. ఒకటి జ్వరం చూసి వెంటనే తగ్గించడం, రెండు రక్తంలో చక్కెర చూసి అదుపు చేయడం, మూడు నోటికి ఏదైనా ఇచ్చేముందు మింగే శక్తిని పరీక్షించడం. కొత్త యంత్రం గాని, ఖరీదైన మందు గాని ఏదీ లేదు. మిగిలిన ఆసుపత్రుల్లో పాత పద్ధతే సాగింది. 90 రోజుల తరువాత లెక్క చూస్తే, పాత పద్ధతి ఆసుపత్రుల్లో చనిపోయినవారు, ఒకరి మీద ఆధారపడి బతుకుతున్నవారు కలిసి నూటికి 58 మంది. శిక్షణ పొందిన నర్సులున్న చోట 42 మంది. అంటే ప్రతి వంద మందిలో సుమారు 16 మంది అదనంగా తమ కాళ్ల మీద తాము నిలబడ్డారు. ఇది మూడు పనులూ కలిసి ఇచ్చిన ఫలితం. మొదటి రోజులోనే మింగే పరీక్ష జరిగిన రోగులు శిక్షణ లేని చోట నూటికి ఏడుగురైతే, శిక్షణ ఉన్న చోట 46 మంది.

అంతకు ముందు 2005లో అమెరికాలో 15 ఆసుపత్రుల లెక్కలు చూసినప్పుడు కూడా ఇదే ధోరణి కనిపించింది. నోటికి ఇచ్చేముందు పద్ధతి ప్రకారం పరీక్ష చేసే ఆసుపత్రుల్లో పక్షవాత రోగులకు నెమ్ము రావడం నూటికి 2.4, అటువంటి కట్టుబాటు లేని చోట 5.4. ధనిక దేశాల్లో సైతం శిక్షణ ఉన్న చోటికీ లేని చోటికీ ఇంత తేడా ఉన్నదంటే మన వార్డుల సంగతి చెప్పనక్కరలేదు.

శిక్షణలో నేర్పేదేమిటి?

ఇదేమీ సంవత్సరాల చదువు కాదు. అప్పటికే నర్సింగు చదివినవారికి సగం రోజు పాఠం, ఆపైన వార్డులో కొందరు రోగుల దగ్గర పర్యవేక్షణలో చేతితో చేసి నేర్చుకోవడం అవసరమవుతాయి. అందులోని ముఖ్యాంశాలు గ్రామస్థులకు కూడా తెలియడం మంచిది.

మొదటి కట్టుబాటు: పరీక్ష జరిగేవరకు నోటి ద్వారా నీళ్లు, ఆహారం, మాత్ర ఏదీ ఇవ్వరాదు. ఈ పరీక్షను రోగి వచ్చిన కొద్ది గంటల్లోనే చేయాలి. లేకపోతే "ఏమీ ఇవ్వవద్దు" అన్న మాట రెండు మూడు రోజులు సాగి రోగి నిజంగానే ఎండిపోతాడు. ఆ లోపు నీరు సెలైను ద్వారా అందిస్తారు.

పరీక్షలో తొలి మెట్టు నీళ్లు ఇవ్వకుండానే చూడడం. రోగి మెలకువగా ఉన్నాడా? కూర్చోబెడితే తల నిలుస్తున్నదా? దగ్గమంటే దగ్గగలడా? సొంత ఉమ్మిని మింగుతున్నాడా, లేక చొంగ కారుతున్నదా? మాట తడిగా, గరగరలాడుతూ ఉన్నదా? వీటిలో తేడా ఉంటే అక్కడే ఆగాలి. అంతా సరిగా ఉంటే చెంచాతో కొద్దికొద్దిగా నీళ్లు ఇచ్చి, ప్రతి గుటక తరువాత దగ్గు, గొంతు మార్పు, ఊపిరి చూడాలి. అది కూడా దాటితే 90 మిల్లీలీటర్ల నీళ్లు ఇచ్చి చూస్తారు. ఈ 90 మిల్లీలీటర్ల పరీక్ష 1992 నుంచి వైద్యలోకంలో పరిచయమున్నదే. కావలసిన సామగ్రి ఒక చెంచా, ఒక గ్లాసు, ఒక గడియారం. కాకపోతే ఇది శిక్షణ పొందినవారు చేయవలసినదే గాని ఇంటి దగ్గర ప్రయోగించి చూడవలసినది కాదు.

రెండవది కూర్చోబెట్టడం. పడుకున్న మనిషికి నోట్లో పోయడం కంటే ప్రమాదకరమైన పని మరొకటి లేదు. వీపు వెనుక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం పైకి ఎత్తకుండా చూడాలి. తల వెనక్కి వాల్చితే ఊపిరి గొట్టం దారి తెరుచుకుంటుంది. తినిపించేవారు నిలబడి పై నుంచి పెట్టకూడదు. రోగి ఎదుట కూర్చోవాలి. అలా కూర్చుంటే అతడు తల ఎత్తనవసరం ఉండదు.

మూడవది చెంచా పట్టే పద్ధతి. చిన్న చెంచాలో సగం మాత్రమే తీసుకుని, పడిపోని వైపు బుగ్గలో పెట్టాలి. గొంతు ముడి పైకి లేచి దిగిందో లేదో కళ్లతో చూడాలి. గుటక పూర్తయ్యాకనే రెండవ చెంచా. నోరు తెరిపించి పడిపోయిన బుగ్గలో ముద్ద దాగి ఉన్నదేమో చూసి తీసివేయాలి. తింటున్నప్పుడు మాట్లాడించరాదు, నవ్వించరాదు. సీసా ఎత్తి పోయడం, గొట్టంతో పీల్పించడం నర్సు అనుమతి లేనిదే చేయరాదు. దగ్గు, కళ్లలో నీళ్లు, గరగర, ఆయాసం వీటిలో ఏది కనిపించినా ఆపి నర్సును పిలవాలి. దగ్గుతున్న రోగికి నీళ్లు ఇవ్వరాదు. తిన్న తరువాత కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచాలి.

నాలుగవది నోరు శుభ్రం చేయడం. మన వార్డుల్లో ఎవరూ లెక్కచేయని పని ఇదే. నోట్లోని మురికిలో పెరిగే సూక్ష్మజీవులు ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి జారి నెమ్ముకు బీజం వేస్తాయి. జపానులో 11 వృద్ధాశ్రమాలలో రెండేళ్లపాటు జరిపిన పరిశీలన 2002లో వెలువడింది. ప్రతి భోజనం తరువాత పళ్లు తోమి నోరు శుభ్రం చేసిన వృద్ధుల్లో నూటికి 11 మందికి నెమ్ము వస్తే, అలా చేయనివారిలో 19 మందికి వచ్చింది. నోటితో ఏమీ తినని రోగికి సైతం నోరు తుడవవలసిందే. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి కడగాలి.

ఐదవది మాత్రలు. గొంతు దిగని మాత్రను నలిపి నీళ్లలో కలిపి పోయడం సామాన్యంగా చేసే పని. కొన్ని మాత్రలకు పై పూత ఉంటుంది. కొన్ని పన్నెండు గంటలు, ఇరవై నాలుగు గంటలు నెమ్మదిగా కరిగేలా తయారు చేస్తారు. వాటిని నలిపితే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. ఏది నలపవచ్చో, ఏది నలపకూడదో ఫార్మసిస్టును అడిగి కేసు షీటులో రాయించాలి.

ముక్కు గొట్టం అంటే భయమెందుకు?

పరీక్షలో నెగ్గని రోగికి ముక్కు ద్వారా కడుపులోకి సన్నని గొట్టం వేసి పాలు, జావ అందిస్తారు. దీనినే రైల్స్ ట్యూబు అంటారు. గొట్టం వేశారంటే ఇక ఆశ వదులుకోవలసిందేనని పల్లెల్లో ఒక అపోహ ఉన్నది. కొందరు బలవంతంగా పీకించేస్తున్నారు. నిజానికి అది చాలామందికి కొద్దివారాల ఏర్పాటే. మింగే శక్తి రాగానే తీసేస్తారు. పలు దేశాల ఆసుపత్రులు కలిసి జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2005లో వచ్చాయి. మింగలేని పక్షవాత రోగులకు తొలి రోజుల్లో పొట్టకు రంధ్రం చేసి గొట్టం అమర్చడం కంటే ముక్కు గొట్టమే మేలని అందులో తేలింది.

అయితే ముక్కు గొట్టం దగ్గర కూడా శిక్షణ లేని చెయ్యి ప్రమాదమే. గొట్టం కడుపులోకి కాక ఊపిరితిత్తిలోకి దిగితే పాలన్నీ అక్కడికే పోతాయి. గాలి ఊది స్టెతస్కోపుతో చప్పుడు వినే పాత పద్ధతిని నమ్మరాదని బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ 2005లోనే హెచ్చరించింది. గొట్టంలో నుంచి తీసిన ద్రవం ఆమ్లగుణాన్ని కాగితం పట్టీతో చూడడం గాని, ఎక్స్‌రే తీయడం గాని సరైన పద్ధతి. పోసేముందు ప్రతిసారి గొట్టం మీద గుర్తు ముక్కు దగ్గరే ఉన్నదా అని చూడాలి. తల వైపు మంచం ఎత్తాలి. నెమ్మదిగా పోయాలి. గొట్టం ఉన్నది కదా అని చుట్టాలు నోట్లో కూడా నాలుగు చుక్కలు పోయడం ఏమాత్రం తగదు.

మన అంబలి, మన గంజి

పాశ్చాత్య దేశాల్లో నీళ్లను చిక్కపరచడానికి డబ్బాల్లో పొడులు అమ్ముతారు. అవి ఖరీదైనవి. మన వంటింట్లో చిక్కనివాటికి కొదవ లేదు. చోడి అంబలి, సగ్గుబియ్యం జావ, మెత్తగా చిదిమిన పప్పన్నం, గట్టి పెరుగు, పండిన అరటిపండు గుజ్జు ఉన్నాయి. కాని చిక్కదనం ఎంత ఉండాలన్నది కొలత మీద ఆధారపడిన విషయం. "కొంచెం పలచగా, కొంచెం గట్టిగా" అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క అర్థం.

ఇందుకోసం అంతర్జాతీయ నిపుణులు పలచని నీళ్లు మొదలు మామూలు భోజనం వరకు 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లు ఏర్పరిచారు. ద్రవాల కొలతకు కావలసినది నిర్ణీత పొడవు గల 10 మిల్లీలీటర్ల సిరంజి ఒక్కటే. అడుగున వేలు పెట్టి, సిరంజిని నిండా నింపి, వేలు తీసి పది సెకండ్లు కారనివ్వాలి. ఒక మిల్లీలీటరు కూడా మిగలకపోతే అది పలచనిది. నాలుగు నుంచి ఎనిమిది మిగిలితే ఓ మాదిరి చిక్కనిది. అసలు కారకపోతే చెంచాతోనే తినవలసినది. మన అంబలిని, జావను ఈ కొలతతో చూసి ఏ రోగికి ఏది తగునో వార్డులో చెప్పవచ్చు. ఒక హెచ్చరిక: గంజి, జావ కాసేపటికి విడిపోయి పలచబడతాయి, ఉమ్మి తగిలినా నీరవుతాయి. కలిపిన వెంటనే కొలిచి వెంటనే పెట్టాలి. ఎప్పుడూ చిక్కనివే ఇస్తుంటే ఒంటికి నీరు చాలదు కాబట్టి మూత్రం తగ్గిందేమో కూడా చూడాలి. అటుకులు, మరమరాలు, గుగ్గిళ్లు, పొడిపొడిగా రాలే బిస్కట్లు, నీళ్లలో మెతుకులు తేలే చద్దన్నం మాత్రం ఈ రోగులకు పనికిరావు. ఒకే ముద్దలో నీళ్లు, గట్టి పదార్థం రెండూ ఉండడం బలహీనమైన గొంతుకు కష్టం.

పక్షవాతం ఒక్కటే కాదు

ఈ శిక్షణ పక్షవాత వార్డుకే పరిమితం కారాదు. వణుకుడు జబ్బు ముదిరినవారికి, మతిమరుపు వృద్ధులకు, తలకు దెబ్బ తగిలినవారికి ఇదే ఇబ్బంది వస్తుంది. మన జిల్లాకు సంబంధించి మరొక ముఖ్యమైన కారణం ఉన్నది. చుట్టను కాలే వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, దాని వలన అంగిలికి వచ్చే పుండ్లు, క్యాన్సరు గురించి పరిశోధకులు 1960 దశకంలోనే శ్రీకాకుళం జిల్లా గ్రామాలు తిరిగి నమోదు చేశారు. ఈ అలవాటు ఆడవారిలోనే ఎక్కువగా కనిపించింది. నోటి క్యాన్సరుకు ఆపరేషను, కరెంటు వైద్యం అయినవారికి మింగడం నెలల తరబడి కష్టమవుతుంది. విశాఖలో వైద్యం ముగించుకుని ఇచ్ఛాపురం, పలాస వైపు పల్లెలకు తిరిగి వచ్చాక వారికి ఏం పెట్టాలో చెప్పేవారు దగ్గరలో ఉండాలి.

ఎవరు నేర్పాలి?

"నర్సులే చాలినంత మంది లేరు, ఈ పని కూడా వారి నెత్తినేనా?" అన్న వాదన ఉన్నది. అందులో న్యాయం లేకపోలేదు. ఖాళీలు నింపకుండా బాధ్యతలు పెంచుకుంటూ పోవడం సరికాదు. అయితే మింగే పరీక్షకు పట్టే సమయం పది పదిహేను నిమిషాలు. పరీక్ష జరగక నెమ్ము వచ్చిన రోగికి ఆక్సిజను, సూదిమందులు, కఫం తీయడం, రాత్రింబవళ్లు కాపలా, ఇవన్నీ పడేది కూడా అదే నర్సు మీద. పని భారం దృష్టితో చూసినా శిక్షణే లాభం. తినిపించే పని అంతా నర్సు చేయనవసరం లేదు. పరీక్ష ఆమె చేస్తే, ఎం.ఎన్.ఓ., ఎఫ్.ఎన్.ఓ.లకు, రోగి ఇంటివారికి కూర్చోబెట్టడం, చెంచా పట్టడం నేర్పితే చాలు.

నేర్పేవారు ఎక్కడినుంచి రావాలన్నది రెండవ ప్రశ్న. మింగే లోపాలను చూసే నిపుణులు వాక్చికిత్సకులు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచి ఇటువంటి నిపుణులను తయారు చేస్తున్నది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఇటువంటి వృత్తులకు జాతీయ స్థాయిలో ఒక కమిషనును ఏర్పాటు చేసింది. ప్రతి ఆసుపత్రిలో ఒక వాక్చికిత్సకుని నియమించడం ఇప్పట్లో అయ్యే పని కాకపోవచ్చు. కాని 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల కోసం ఏర్పరిచే సత్వర చికిత్సా కేంద్రానికి వాక్చికిత్సకుని పోస్టు ఇచ్చారు. నెలకు ఒక్క పూట ఆ నిపుణుని సేవలు వాడుకుని, టెక్కలి, పలాస వంటి చోట్ల నుంచి ఇద్దరేసి నర్సులను పిలిపించి శిక్షణ ఇస్తే, వారు తిరిగి వెళ్లి తమ వార్డుల్లో మిగిలినవారికి నేర్పగలరు. పక్షవాతాన్ని కూడా చేర్చి 2010లో మొదలుపెట్టి, 2023లో పేరు మార్చి విస్తరించిన అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో సిబ్బంది శిక్షణ ఒక భాగమే. అందులో ఈ అంశాన్ని చేర్చడం జిల్లా అధికారులకు అసాధ్యం కాదు.

శిక్షణ ఒకసారి ఇచ్చి సర్టిఫికెట్టు పంచి ఊరుకుంటే ప్రయోజనం లేదు. బదిలీలతో నేర్చినవారు వెళ్లిపోతారు, కొత్తవారు వస్తారు. ఏడాదికి ఒకసారైనా తిరిగి నేర్పాలి. కేసు షీటులో "మింగే పరీక్ష: చేసిన సమయం, ఫలితం" అని ఒక గడి ఉండాలి. మంచం తల వైపు "నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు" అనో, "చిక్కని జావ, చెంచాతో మాత్రమే" అనో పెద్ద తెలుగు అక్షరాలతో బోర్డు వేలాడాలి. చదువురానివారి కోసం బొమ్మ కూడా ఉండాలి. ఆ బోర్డు ఉంటే చుట్టాల ముందు కోడలు దోషిగా నిలబడనవసరం లేదు. ప్రతి నెలా ఎందరు పక్షవాత రోగులు చేరారు, ఎందరికి మొదటి రోజు పరీక్ష జరిగింది, ఎందరికి నెమ్ము వచ్చిందన్న మూడు అంకెలు సూపరింటెండెంటు చూడాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో వాటిని చర్చించాలి.

గ్రామస్థులు అడగవలసినవి

మనిషి పడిపోయిన వెంటనే, 108 వచ్చేలోపు నోట్లో నీళ్లు, సోడా, నాటుమందు ఏదీ పోయరాదు. పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి చొంగ బయటకు కారనివ్వాలి. ఆసుపత్రిలో చేరాక "మింగే పరీక్ష చేశారా? ఏం పెట్టమంటారు? ఎలా పెట్టమంటారు?" అని నర్సమ్మను అడగడం ఇంటివారి హక్కు. డిశ్చార్జి రోజున మందుల చీటీతో పాటు తినిపించే పద్ధతిని చేసి చూపించమని అడగాలి. ఇంటి దగ్గర మళ్లీ దగ్గు, జ్వరం మొదలైతే ఏ.ఎన్.ఎం.కు గాని, ఆశా కార్యకర్తకు గాని వెంటనే కబురు చేయాలి. వారికి కూడా ఈ శిక్షణలో చోటు కల్పించాలి.

కొత్త భవనాలకు, కొత్త యంత్రాలకు శంకుస్థాపనలు జరుగుతాయి, శిలాఫలకాలు వెలుస్తాయి. చెంచా పట్టడం నేర్పడానికి శిలాఫలకం అక్కరలేదు కాబట్టి అది ఎవరి దృష్టికీ రావడం లేదు. సగం రోజు పాఠం, ఒక సిరంజి, ఒక బోర్డు, ఒక రిజిస్టరు ఇందుకు చాలు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి, ఆసుపత్రుల సూపరింటెండెంట్లు కలిసి కూర్చుంటే ఒక్క నెలలో మొదలుపెట్టగల పని ఇది. పక్షవాతం నుంచి బతికి బయటపడిన మనిషి గుక్కెడు నీళ్లకు బలి కాకుండా చూడడానికి అధికారులు ఆ చొరవ తీసుకోవలసి ఉన్నది.